సబర్ అంటే నోరు మూసుకోవడం కాదు



ఈసారి రాస్తున్నది కొందరికి చేదుగా ఉంటుంది. ముందు నాకే చేదుగా ఉంది. ఎందుకంటే ఇందులో మొదటి కసూర్ నాదే.

నా భాంజీ, అంటే మా చెల్లెలి కూతురు, సిటీలో హాస్టల్‌లో ఉండి బీఎస్సీ నర్సింగ్ చదువుతోంది. మైనారిటీ గురుకులంలో ఇంటర్ బైపీసీ చేసి, బీసీ-ఈ కోటాలో సీటు తెచ్చుకుంది. మా ఖాందాన్‌లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల. సీటు వచ్చిన రోజు మహేశ్వరంలో మా గల్లీ అంతా మిఠాయి పంచాం. అంత ఖుషీగా పంపిన పిల్ల సెకండ్ ఇయర్‌లో ఉండగా ఒకరోజు తెల్లారగట్ల నాకు ఫోన్ చేసింది. ఇంకా ఫజర్ అజాన్ కాలేదు. నేను వుజూ చేసుకుంటున్నాను.

"మామూ..." అని ఆగిపోయింది.

"క్యా హువా బేటా?"

"వార్డులో ఒక తాత చనిపోయిండు మామూ. మూడు గంటలకు. నేను పక్కనే ఉన్న."

నేనేమన్నానో తెలుసా? "సబర్ కరో బేటా. నర్సు అన్నంక ఇవన్నీ మామూలే. నమాజ్ చదువుకో, దిల్‌కు సుకూన్ వస్తది." అంతే. జమాత్ తప్పిపోతుందని ఫోన్ పెట్టేసి మస్జిద్‌కు ఉరికాను. ఇరవై ఏళ్లకు పైగా బళ్లో పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ని నేను. పిల్లల మనసు నాకు తెలుసనుకునేవాణ్ని.

ఆ తర్వాత రెండు నెలలు ఆ పిల్ల నాకు ఫోన్ చేయలేదు. బక్రీద్‌కు ఇంటికొచ్చింది. సన్నబడింది. గోష్త్ వండుతుంటే వంటింట్లోంచి లేచి బయటికి వెళ్లిపోయింది. మా చెల్లెలు చెప్పింది, రోజూ రాత్రి మూడింటికి లేచి కూర్చుంటోందట. అప్పుడు గాని నాకు బుద్ధి రాలేదు. డాబా మీద ఇద్దరం కూర్చున్నాం. మా ఊరి మీదుగా విమానాలు శంషాబాద్‌కు దిగుతుంటాయి, మీకు తెలుసు కదా. రెండు విమానాలు పోయేదాకా ఏం మాట్లాడలేదు. తర్వాత అంది:

"మామూ, సబర్ గురించి తెలియక ఆరోజు ఫోన్ చేయలే. చెప్పుకుందామని చేసిన."

అప్పుడు చెప్పింది అంతా. ఆ తాత పల్లెటూరి రైతు. వారం రోజులు ఈ పిల్లే ఒళ్లు తుడిచింది, గ్లాసుతో నీళ్లు తాగించింది. 'బిడ్డా' అని పిలిచేవాడట. ఆ రాత్రి ఊపిరి అందక ఈ పిల్ల చేయి పట్టుకున్నాడు. డాక్టర్ వచ్చేలోపు ఆ పట్టు సడలిపోయింది. ఇంటివాళ్లు ఎవరూ పక్కన లేరు. తర్వాత చేయాల్సినవి ఉంటాయి: కళ్లు మూయాలి, గడ్డానికి పట్టీ కట్టాలి, ముక్కులో చెవుల్లో దూది పెట్టాలి, కాళ్లూ చేతులూ సరిచేయాలి, పేరూ టైమూ రాసిన చీటీ కట్టాలి. స్టాఫ్ సిస్టర్ ఒకరు మొదలుపెట్టి, అవతల ఇంకో మరీజ్‌కు సీరియస్ అయితే వెళ్లిపోయింది. మిగిలింది ఈ పంతొమ్మిదేళ్ల పిల్ల. చీటీ మీద రాత వంకరగా ఉందని పొద్దున్నే తిట్లు కూడా పడ్డాయి. తొమ్మిదింటికి మళ్లీ క్లాసుకు పోయి కూర్చుంది. ఏమైందని అడిగినవాళ్లు ఆ రోజంతా ఒక్కరూ లేరు. ఆమె ఫోన్ చేసిన ఒక్కణ్ని నేను, వినకుండానే జవాబు చెప్పేశాను.

ఇప్పుడు నా సవాల్ మనందరికీ. మన దీన్‌లో ఒక మయ్యత్‌కు గుస్ల్ ఇవ్వాలంటే ఎలా ఇస్తాం? అనుభవం ఉన్న పెద్ద ఆడవాళ్లు ముందుంటారు. నీళ్లు పోసేవాళ్లు, పట్టుకునేవాళ్లు పక్కన ఉంటారు. మొదటిసారి వచ్చిన పిల్లను పెద్దామె చేయి పట్టుకుని నేర్పిస్తుంది. కొత్త పిల్లను మయ్యత్‌తో ఒంటరిగా గదిలో వదిలేయడం ఏ ముహల్లాలోనూ చూడలేదు నేను. ఆ తర్వాత గమ్‌లో ఉన్న ఇంటి పొయ్యి వెలగకుండా చుట్టుపక్కలవాళ్లు ఖానా పంపుతారు. ముఅతా జంగ్‌లో హజ్రత్ జాఫర్ (ర) షహీద్ అయినప్పుడు ఆయన ఇంటికి భోజనం వండి పంపమని ప్రవక్త (స) చెప్పారు, ఆ ఇంటివాళ్లు దుఃఖంలో మునిగి ఉన్నారు గనుక. మయ్యత్ ఇంటికి ఇంత మర్యాద నేర్చుకున్న కౌమ్, వార్డులో మౌత్‌ను చూసి హాస్టల్‌కు తిరిగొచ్చిన తన బేటీకి ఏం పంపింది? ఒక ముక్క: సబర్ కరో.

ఈ సబర్ మాటను మనం ఎంత సస్తా చేసేశామో చూడండి. సూరా యూసుఫ్ చదవని ఇల్లు మనలో ఉందా? యాఖూబ్ అలైహిస్సలామ్ 'సబ్రె జమీల్' అన్నారు. అదే సూరాలో, కొడుకు కోసం ఏడ్చి ఏడ్చి ఆయన కళ్లు తెల్లబడిపోయాయనీ ఉంది. తన గమ్‌ను అల్లాహ్‌కు మొరపెట్టుకుంటున్నానని ఆయన చెప్పిన సంగతీ ఉంది. అంటే సబర్ ఉన్నచోటే కన్నీళ్లూ ఉన్నాయి, మొర కూడా ఉంది. ప్రవక్త (స) తన పసికొడుకు ఇబ్రాహీమ్ చనిపోయినప్పుడు కన్నీళ్లు పెట్టుకున్నారు. 'మీరు కూడానా?' అని ఒక సహాబీ ఆశ్చర్యపోతే, ఇది రహ్మత్ అని చెప్పారు. నబీ కన్నీళ్లు రహ్మత్ అయినప్పుడు, నర్సింగ్ చదివే పిల్ల కన్నీళ్లు కమ్‌జోరీ ఎలా అవుతాయి? మనం సబర్ అని చెప్తున్నది సబర్ కాదు, ఖామోషి. మన చెవులకు ఆరామ్‌గా ఉండటం కోసం వాళ్ల నోరు మూయిస్తున్నాం. పైగా దానికి దీన్ పేరు పెడుతున్నాం.

ఇంకో మాట కూడా వినిపిస్తుంది. అసలు ఈ చదువే ఎందుకు అని. పెళ్లి మాటలకు వచ్చినవాళ్లు చాయ్ తాగుతూ అడుగుతారు, "లడ్కీ నర్స్ హై? నైట్ డ్యూటీ భీ కర్తీ?" అని. మర్ద్ మరీజులను ముట్టుకుంటుందా అని గుసగుసలు. మా భాంజీకి ఒక రిష్తా ఈ మాట మీదే వెనక్కి పోయింది. అలా అడిగిన పెద్దమనిషి తన అమ్మీకి ఆపరేషన్ అయినప్పుడు 'లేడీ నర్సే కావాలి' అని పట్టుబట్టి ఉండడా? మన ఆడవాళ్లకు డెలివరీలో లేడీ నర్సు కావాలి, కానీ నర్సు మన ఇంటి బహూ కాకూడదు. ఇదేం ఇన్సాఫ్?

హజ్రత్ రుఫైదా (ర) పేరు మన పిల్లలకు ఎంతమంది చెప్పాం? ఖందఖ్ జంగ్‌లో గాయపడిన హజ్రత్ సాద్ బిన్ ముఆజ్ (ర)ను ఆమె దగ్గరికే చేర్చారు. గాయపడినవాళ్లకు ఇలాజ్ చేసే ఔరత్ ఆమె. ప్రవక్త (స) అటువైపు వచ్చినప్పుడల్లా, పొద్దున ఎలా ఉన్నావు, సాయంత్రం ఎలా ఉన్నావు అని సాద్‌ను అడిగేవారు. హజ్రత్ రుబయ్యి బిన్తె ముఅవ్విజ్ (ర) జంగ్‌లలో గాయపడినవాళ్లకు నీళ్లు తాగించి, మరహమ్ చేసి, వాళ్లను మదీనాకు చేర్చినవారిలో ఒకరు. హజ్రత్ ఉమ్మె అతియ్యా (ర) ఏడు గజవాల్లో ప్రవక్త (స) వెంట ఉండి మరీజుల ఖిద్మత్ చేశారు. ఈ రాస్తా మన బేటీలు కొత్తగా కనిపెట్టింది కాదు. దీని మీద నడుస్తున్నందుకు వాళ్లు తల దించుకోవాల్సిన పని లేదు. ఆ 'ఎలా ఉన్నావు' అనే సవాల్ ఉంది చూశారా, హాల్ పూఛ్నా, అది సున్నత్. మనం మరచిపోయింది దాన్నే.

ఇక కాలేజీల సంగతి. ఫస్ట్ ఇయర్‌లో లాంప్ లైటింగ్ పెడతారు. తెల్ల యూనిఫాం, చేతిలో దీపం, నైటింగేల్ పేరు మీద ప్రమాణం. అమ్మీ అబ్బాలు ఫోటోలు తీసుకుంటారు. మే 12న నర్సుల దినం అని కేక్ కోస్తారు. బాగానే ఉంది. మరి ఆ దీపం పట్టుకున్న పిల్లకు మొదటి మౌత్ ఎదురైన రోజు కాలేజీలో ఎవరు కూర్చుని మాట్లాడతారు? మరీజ్ తాలూకు మనిషి వార్డులో బూతులు తిట్టిన రోజు? కాన్పులో బిడ్డ దక్కని తల్లి పక్కన నిలబడిన రోజు? ఆ రోజు కూడా రికార్డు సబ్మిట్ చేయలేదని ఫైన్ వేస్తారు.

తమాషా ఏమిటంటే, ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021లో తెచ్చిన సెమిస్టర్ సిలబస్‌లో మొదటి సెమిస్టర్‌లోనే సైకాలజీ ఉంది. మూడో సంవత్సరంలో రెండు సెమిస్టర్లూ మెంటల్ హెల్త్ నర్సింగ్ ఉంది. మా భాంజీ ఇప్పుడు థర్డ్ ఇయర్. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయంలో పోస్టింగ్‌కు వెళ్లొచ్చింది. అక్కడ ప్రతి మరీజ్‌నూ అడగాలి: నిద్ర పడుతోందా, ఆకలి వేస్తోందా, మనసు ఎలా ఉంది, బతకాలనిపిస్తోందా. ఆ ఫారం నాకు చూపించి నవ్వింది. "మామూ, ఈ సవాళ్లన్నీ నేను అందర్నీ అడుగుత. నన్ను మాత్రం ఎవరూ అడగలే." ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది.

కొందరంటారు, "మా కాలంలో ఇవన్నీ ఎక్కడివి? మేం చదువుకోలేదా, బతకలేదా?" అని. బతికారు, అల్హమ్దులిల్లాహ్. కానీ మీ కాలంలో ఇంట్లో నానీ ఉంది, ఫుప్పూ ఉంది, బావి దగ్గర నలుగురు సహేలీలున్నారు. తక్లీఫ్ పంచుకునే చోటు ఉంది. ఇప్పుడు పిల్ల ఒక గదిలో, మనం ఒక ఊళ్లో. మధ్యలో ఒక ఫోన్. ఆ ఫోన్‌లో కూడా మనం అడిగేవి మూడే: తిన్నావా, ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చిందా, పరీక్ష ఎలా రాశావు.

ఇంకొందరంటారు, "ప్రతి మౌత్‌కూ ఏడుస్తూ కూర్చుంటే డ్యూటీ ఎవరు చేస్తారు?" సహీ సవాల్. వార్డులో చేయి వణకకూడదు, నిజమే. నేను కూడా అదే కోరుకుంటాను. కానీ ఆలోచించండి. వార్డులో చేయి వణకకుండా ఉండాలంటే, వార్డు బయట ఎక్కడో ఒక చోట మనసు దించుకునే వీలుండాలి. అది లేని పిల్ల రెండు రకాలుగా మారుతుంది. ఒకటి, లోలోపల కుంగిపోతుంది. రెండు, రాయైపోతుంది. ఆ రాయి రేపు మన అమ్మీ బెడ్ పక్కకే వస్తుంది. "నర్సులు కసురుకుంటారు" అని మనం ఫిర్యాద్ చేస్తాం కదా, ఆ కసురు ఎక్కడ తయారవుతుందో ఎప్పుడైనా పూఛా?

నర్సింగ్ కాలేజీల్లో దర్ద్ వార్డు నుంచి మాత్రమే రాదు. 2025 ఫిబ్రవరిలో కేరళలోని కొట్టాయం ప్రభుత్వ నర్సింగ్ కాలేజీ హాస్టల్ ర్యాగింగ్ కేసు బయటపడింది. మొదటి సంవత్సరం అబ్బాయిలను నెలల తరబడి హింసించారన్న కేసులో ఐదుగురు సీనియర్లను అరెస్ట్ చేశారు. రేపు మరీజుల గాయాలకు కట్టు కట్టాల్సిన చేతులు. ఆ పిల్లలు అన్ని నెలలు ఎందుకు నోరు విప్పలేదని అందరం అడిగాం. వాళ్లు చెప్పడానికి ఎవరున్నారని అడిగినవాళ్లు తక్కువ.

ఇక ఖానూన్ ఏమంటుందో వినండి. ఇది ప్రతి అమ్మీ అబ్బాకు తెలియాలి. మన పక్క రాష్ట్రంలోని విశాఖపట్నంలో హాస్టల్‌లో ఉండి నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక 17 ఏళ్ల అమ్మాయి 2023లో చనిపోయింది. ఆమె వాలిద్ సుప్రీంకోర్టు దాకా వెళ్లి పోరాడారు. ఆ కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు విచారణను సీబీఐకి అప్పగిస్తూ, దేశమంతటా విద్యాసంస్థలు పాటించాల్సిన 15 మార్గదర్శకాలు ఇచ్చింది. కోచింగ్ సెంటర్లు, కాలేజీలు, యూనివర్సిటీలు, హాస్టళ్లు అన్నీ వీటి కిందికి వస్తాయి. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ గానీ, సైకాలజిస్ట్ గానీ, సోషల్ వర్కర్ గానీ కనీసం ఒకరు ఉండాలి. అంతకంటే చిన్న సంస్థలు బయటి నిపుణులతో సంబంధం పెట్టుకోవాలి. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టల్‌లో, క్లాసుల్లో అందరికీ కనిపించేలా రాసి పెట్టాలి.

నర్సింగ్ కాలేజీలు దీనికి బయట ఉన్నాయా? లేవు. నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ కాలేజీలో ఇయర్‌కు 40 మంది ఉన్నా మొత్తం వంద దాటుతారు. మరి మీ పిల్ల కాలేజీలో కౌన్సెలర్ పేరేమిటి? ఏ గదిలో కూర్చుంటారు? ఏ రోజు వస్తారు? అడగండి. 'మా మేడమే కౌన్సెలర్' అంటే ఒప్పుకోకండి. ఇంటర్నల్ మార్కులు వేసే మేడమ్‌కు మనసు విప్పి చెప్పేంత హిమ్మత్ ఏ పిల్లకుంటుంది?

ఒప్పుకుంటాను, తప్పంతా కాలేజీలదే కాదు. మనం ఈ చదువును మొదటి రోజు నుంచే పాస్‌పోర్టు లెక్కన చూశాం. మా వైపు 2008లో ఎయిర్‌పోర్ట్ మొదలైనప్పటి నుంచి ప్రతి ఇంటికీ ఒక విమానం కల ఉంది. సౌదీలో ఎంత ఇస్తారు, దుబాయ్‌లో ఎంత ఇస్తారు, టామ్‌కామ్ ద్వారా జర్మనీకి పంపుతున్నారట కదా, జర్మన్ భాష నేర్చుకుంటే ఎన్ని యూరోలు? పిల్ల ఫస్ట్ ఇయర్‌లో ఉండగానే ఇల్లు ఎన్ని అంతస్తులు కట్టాలో లెక్కేసుకుంటాం. కమాయీ తప్పు కాదు. హలాల్ కమాయీ, ఇజ్జత్ ఉన్న కమాయీ. కానీ ఆ పిల్లకు అర్థమైపోతుంది, ఇంట్లో అందరి ఉమ్మీద్ తన మీదే ఉందని. "నావల్ల కావట్లేదు" అనే మాట ఆమె గొంతులోనే ఆగిపోతుంది. చెప్తే చదువు మాన్పించి నికా చేసేస్తారని ఒక భయం. చెప్పకపోతే లోపల కాలిపోతుందని ఇంకో భయం. మా భాంజీ నాకు రెండు నెలలు ఫోన్ చేయకపోవడానికి కారణం ఇదే. "చెప్తే చదువు బంద్ చేయిస్తరని భయమేసింది మామూ" అంది. మామూ దగ్గర కూడా భయమే!

అందుకే నా గుజారిష్ ఇది.

అమ్మీలకు, అబ్బాలకు: మీ బేటీ గానీ బేటా గానీ నర్సింగ్ చదువుతుంటే, ఆ పిల్లకు ముందుగా ఒక వాదా చేయండి. 'నువ్వు ఏం చెప్పినా దాన్ని పట్టుకుని చదువు ఆపం, రిష్తా తొందర చేయం' అని. ఈ వాదా లేకపోతే వాళ్లు మీకు ఏమీ చెప్పరు. వాళ్లు చెప్తున్నప్పుడు నసీహత్ చేయకండి. నాలాగా సగంలో ఆపకండి. వినడానికి డిగ్రీ అక్కర్లేదు.

మస్జిద్ కమిటీలకు, ఖతీబ్ సాహెబ్‌లకు: రుఫైదా (ర) గురించి ఏడాదిలో ఒక్క జుమా బయాన్ పెట్టండి. 'నర్సు పిల్ల' అని ముహల్లాలో నోరు పారేసుకునేవాళ్ల నోరు మూతపడటానికి అది చాలు. నోరు మూయించాల్సింది ఎవరైనా ఉంటే వాళ్లే.

కాలేజీ వాళ్లకు: మొదటి మౌత్ చూసిన స్టూడెంట్‌తో అదే రోజు ఒక సీనియర్ సిస్టర్ పావుగంట కూర్చోవాలని నియమం పెట్టండి. దీనికి బిల్డింగ్ అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. కౌన్సెలర్‌ను పెట్టడం మాత్రం మీ ఎహ్‌సాన్ కాదు, సుప్రీంకోర్టు హుకుం.

పిల్లలకు: నిద్ర పట్టకపోవడం, తినబుద్ధి కాకపోవడం, వార్డు గుర్తొస్తే గుండె దడ, బతుకు మీద విరక్తి... ఇవి ఈమాన్ తక్కువై వచ్చేవి కావు. వేరేవాళ్లకు వస్తే మీరే డాక్టర్ దగ్గరికి పంపుతారు. మీకూ అదే. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10 నుంచి నడుపుతున్న టెలీ మానస్ నంబర్ 14416. పైసలు పడవు, రాత్రైనా పగలైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. నమాజ్ చదవండి, దుఆ చేయండి, ఫోన్ కూడా చేయండి. ఒకటి చేస్తే రెండోది వద్దని దీన్ ఎక్కడా చెప్పలేదు.

మా భాంజీ ఇప్పుడు బాగుంది, మాషా అల్లాహ్. పూర్తిగా అని చెప్పను. ఎర్రగడ్డ పోస్టింగ్‌లో పరిచయమైన ఒక మేడమ్‌తో నాలుగైదుసార్లు మాట్లాడింది. మూడింటికి లేవడం తగ్గింది. మళ్లీ ఫోన్ చేస్తోంది. మొన్న రాత్రి చేసి, పిల్లల వార్డులో ఒక పాప జ్వరం తగ్గి ఇంటికెళ్తూ తనకు బిస్కెట్ ఇచ్చిందని చెప్పింది. పావుగంట ఆ బిస్కెట్ గురించే చెప్పింది. నేను మధ్యలో ఒక్క మాట అనలేదు.

ఆ తాత పేరు ఆమెకు ఇంకా గుర్తుంది. నాకూ చెప్పింది. ఇక్కడ రాయను.

మీ ఇంట్లో, మీ గల్లీలో, మీ ఖాందాన్‌లో నర్సింగ్ చదివే పిల్ల ఉంటే ఈ రాత్రి ఫోన్ చేయండి. తిన్నావా అని అడిగాక, ఇవాళ వార్డులో ఏం జరిగిందని అడగండి. తర్వాత మీరు ఊరుకోండి. వాళ్లు ఏడిస్తే ఏడవనివ్వండి. ఫజర్ వేళకు ఫోన్ వస్తే జమాత్ మళ్లీ దొరుకుతుందని గుర్తు పెట్టుకోండి. నేను ఆరోజు గుర్తు పెట్టుకోలేదు. అల్లాహ్ నన్ను మాఫ్ చేయుగాక.

వస్సలామ్.